పన్నెండు అగ్గిపెట్టెలు, ఒక గోడ గడియారం: 1914 జూలైని క్లాసులో నడిపించే పద్ధతి

మొదటి ప్రపంచ యుద్ధం పాఠం అనగానే బోర్డు మీద రెండు గుండ్రాలు గీయడం అలవాటు. ఒకదాంట్లో జర్మనీ, ఆస్ట్రియా-హంగేరీ, ఇటలీ. రెండో దాంట్లో ఫ్రాన్స్, రష్యా, బ్రిటన్. సరజేవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చారు, గుండ్రాలు గుద్దుకున్నాయి, పాఠం అయిపోయింది. పిల్లలకి మార్కులు వస్తాయి గానీ, జూన్ 28 హత్యకీ ఆగస్టు 4 రాత్రికీ మధ్య ఉన్న 37 రోజుల్లో ఏం జరిగిందో అంతుపట్టదు. గుండ్రాలు ఉన్నంత మాత్రాన యుద్ధం రాదు. అవే కూటములు 1908లో బోస్నియా గొడవ దాటాయి, 1911లో మొరాకో గొడవ దాటాయి, 1912-13 బాల్కన్ యుద్ధాలనూ దాటాయి.

1914లో తేడా ఎక్కడ వచ్చిందో తెలియాలంటే సైన్యాధికారుల బల్ల మీదున్న రైళ్ళ టైంటేబుల్ చూడాలి. ఒప్పందాన్ని దాటేయొచ్చు, ఇటలీ దాటేసింది కూడా. టైంటేబుల్‌ని మాత్రం ఎవరూ దాటలేకపోయారు. దీన్ని తొమ్మిది, పది తరగతుల పిల్లల చేతా, డిగ్రీ విద్యార్థుల చేతా ఆడించవచ్చు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పిల్లలకి ఇంకో సుళువు ఉంది: హౌరా-చెన్నై మెయిన్ లైను వాళ్ళ ఊళ్ళ మీదుగానే పోతుంది. స్టేషన్ల పేర్లు వరసగా చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెబుతారు.

కావలసినవి

ముప్ఫైమంది పిల్లలు, రెండు గంటల నలభై నిమిషాలు. పీరియడ్లు ముక్కలు చేస్తే ఆట చచ్చిపోతుంది, కాబట్టి శనివారం మధ్యాహ్నం మొత్తం తీసుకోండి. ఖాళీ అగ్గిపెట్టెలు 12, సెల్లుతో నడిచే గోడ గడియారం 1, కవర్లు 8, అరచేయంత చీటీలు ఒక 150, ఎర్ర స్కెచ్ పెన్ను, రెండు మీటర్ల తాడు ముక్కలు 5, కత్తెర. కొట్లో బిల్లులు గుచ్చే ఇనప చువ్వ ఒకటి దొరికితే మంచిది, చివర్లో పనికొస్తుంది.

ముందు బొబ్బిలి, పావుగంట మాత్రం

కూటమి అంటే ఏమిటో చెప్పడానికి ఐరోపా దాకా పోనక్కర్లేదు. ఇరుగుపొరుగు సంస్థానాలు విజయనగరం, బొబ్బిలి. వాటి మధ్య పాత కక్ష. ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చాయి. వాళ్ళకి శిస్తు కావాలి, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజుకి బొబ్బిలి అడ్డు తొలగాలి. రెండు అవసరాలు కలిశాయి, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట ముందుకి వచ్చాయి. 1757 జనవరి 24న కోట పడింది, బొబ్బిలి రాజు రంగారావు చనిపోయాడు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలో చంపాడు. తర్వాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ళని వదిలి ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. అప్పటికి ఐరోపాలో ఇంగ్లండు, ఫ్రాన్సు సప్తవర్ష సంగ్రామంలో ఉన్నాయి. మన సరిహద్దు తగువు వాళ్ళ యుద్ధంలో ఒక ముక్క అయిపోయింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఎవరిది తప్పు అన్న చర్చ పెట్టకండి. రెండు ఊళ్ళ పిల్లలూ క్లాసులో ఉంటారు, పావుగంట కాస్తా పూటంతా అవుతుంది. రెండోది, బొబ్బిలి కథలో సగమే ఉంది. బుస్సీ కాలినడకన, ఎడ్లబళ్ళతో వచ్చాడు. మధ్యలో ఆగి రాయబారం నడపగలడు, వెనక్కి తిరగగలడు. అలా ఆగే వీలు పోయిన యుద్ధం ఎలా ఉంటుందో రెండో సగంలో తెలుస్తుంది.

అగ్గిపెట్టెల రైళ్ళు

ఈ భాగాన్ని తొందరపడి దాటించకండి. ఆట మొత్తం దీని మీదే నిలబడుతుంది.

నేల మీద సుద్దతో గీత గీయండి. మధ్యలో శ్రీకాకుళం రోడ్, అంటే ఆమదాలవలస. అది సైన్యం ఎక్కే చోటు. పడమటి యుద్ధరంగం బొబ్బిలి. దారి: పొందూరు, చీపురుపల్లి, నెల్లిమర్ల, విజయనగరం, గజపతినగరం, బొబ్బిలి. మొత్తం ఆరు సెక్షన్లు. తూర్పు యుద్ధరంగం ఇచ్ఛాపురం. దారి: తిలారు, నౌపడ, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం. ఐదు సెక్షన్లు. మధ్యలో ఉన్న చిన్న స్టేషన్లు వదిలేయండి. పిల్లలు "ఊర్లాం ఏదండీ" అని అడుగుతారు, ఫరవాలేదు.

అగ్గిపెట్టెల మీద అంకెలు వేసి, ఏ పెట్టెలో ఏముందో రాయండి. 1: లైను, వంతెనలు బాగుచేసేవాళ్ళు. 2, 3: కాల్బలం. 4: ఫిరంగులు. 5: గుళ్ళు. 6: గుర్రాలు. 7: గుర్రాల దాణా. 8: కాల్బలం. 9: తిండి సామాను. 10: కాల్బలం. 11: ఆసుపత్రి. 12: మళ్ళీ గుళ్ళు.

నియమం ఒక్కటే. మీరు కొట్టే ఒక్కో చప్పట్‌కి ఒక్కో పెట్టె ఒక్క సెక్షన్ దాటాలి, ఒక సెక్షన్లో ఒకేసారి రెండు పెట్టెలు ఉండకూడదు. మొదటిది 6వ చప్పట్‌కి బొబ్బిలి చేరుతుంది, పన్నెండోది 17వ చప్పట్‌కి. ఒకసారి పూర్తిగా నడిపించండి. ఇంత సాఫీగా పోయిందేమిటని పిల్లలు మురిసిపోతారు. మురవనివ్వండి.

రెండోసారి మొదలుపెట్టి, 6వ చప్పట్ అవగానే ఆపండి. "పడమర వద్దు. అందరూ తూర్పుకి" అనండి. ఇంకేమీ చెప్పకండి.

ఆ క్షణానికి పరిస్థితి ఇది. బాగుచేసేవాళ్ళు బొబ్బిలిలో దిగారు. కాల్బలం ఒకటి గజపతినగరంలో, ఇంకొకటి విజయనగరంలో. ఫిరంగులు నెల్లిమర్లలో, గుళ్ళు చీపురుపల్లిలో, గుర్రాలు పొందూరులో. కదలని ఆరు పెట్టెలూ ఆమదాలవలసలో. పిల్లలు ముందు చేసే పని ఆ ఆరింటినీ ఇచ్ఛాపురం పంపేయడం. అప్పుడు తూర్పున దాణా ఉంటుంది, గుర్రాలుండవు. గుళ్ళుంటాయి, ఫిరంగులుండవు. తెలివైనవాళ్ళు మిగతావాటిని వెనక్కి తిప్పుతారు. అప్పుడు వరస తలకిందులవుతుంది: ముందుగా చేరాల్సిన బాగుచేసేవాళ్ళు అందరికన్నా చివర వస్తారు. నౌపడ దగ్గర గేజి, అంటే పట్టాల మధ్య వెడల్పు, మారుతుందని, ప్రతి పెట్టె అక్కడ రెండు చప్పట్లు ఆగాలని కూడా ఒక నియమం కలపండి. నౌపడ నుంచి పర్లాకిమిడి వైపు పోయే చిన్నరైలు ఒకప్పుడు రెండున్నర అడుగుల గేజి. సామానంతా నౌపడలో దింపి మళ్ళీ ఎక్కించాల్సి వచ్చేది. ఆ సంగతి పిల్లల తాతలకి బాగా తెలుసు. అప్పటి రష్యా పట్టాలు కూడా జర్మనీ పట్టాలకన్నా వెడల్పు: 1,524 మిల్లీమీటర్లు, జర్మనీవి 1,435.

కొత్త టైంటేబుల్ రాయమని గడియారం చూడండి. మామూలుగా పది, పదిహేను నిమిషాలు పడుతుంది, అందులోనూ తప్పులుంటాయి. అది పన్నెండు పెట్టెలకి.

అసలు లెక్క అప్పుడు చెప్పండి. ఒక్క జర్మన్ సైనిక కోరు (వేల సిపాయిలున్న పెద్ద దళం) కదలాలంటే దాదాపు 140 రైళ్ళు కావాలి. జర్మనీకి అలాంటి కోర్లు నలభై. ఆగస్టు 2 నుంచి 18 దాకా కొలోన్‌లో రైన్ నది వంతెన మీద 2,150 రైళ్ళు పడమటికి వెళ్ళాయి, ఇంచుమించు పది నిమిషాలకొకటి. ఆగస్టు 1 సాయంత్రం బ్రిటన్ తటస్థంగా ఉండొచ్చన్న కబురు వచ్చింది. జర్మన్ చక్రవర్తి కైజర్ రెండో విల్‌హెల్మ్, అయితే సైన్యాన్నంతా రష్యా మీదికి తిప్పుదాం అన్నాడు. సైన్యాధిపతి మోల్ట్‌కే కుదరదన్నాడు. తూర్పుకి మాత్రమే నడిపే ప్రణాళికను జర్మనీ 1913లోనే పక్కన పెట్టేసింది. లక్సెంబర్గ్ వైపు ఆపమన్న ఆర్డరు అందేలోపే ఒక దళం సరిహద్దు దాటి స్టేషన్ పట్టేసింది.

మోల్ట్‌కే అన్నది నిజమా? జర్మన్ సైనిక రైల్వే విభాగంలో పనిచేసిన జనరల్ ఫాన్ స్టాబ్, యుద్ధం తర్వాత, పెద్ద భాగాన్ని తూర్పుకి తిప్పగలిగేవాళ్ళమని లెక్కలు వేసి చూపించాడు. ఇది కూడా పిల్లలకి చెప్పాలి. యంత్రం వాళ్ళని నిజంగా కట్టేసిందా, కట్టేసిందని వాళ్ళు నమ్మారా అన్నది వేరు ప్రశ్న. ఆస్ట్రియా విషయంలో మాత్రం సందేహం లేదు. సెర్బియా మీదికి బయల్దేరిన రెండో సైన్యాన్ని రష్యా వైపు తిప్పమంటే రైల్వే అధికారులు ఒప్పుకోలేదు. ముందు దక్షిణానికి వెళ్ళి దిగి, అక్కడి నుంచి మళ్ళీ ఎక్కాల్సి వచ్చింది. రష్యా వైపు అవసరమైన రోజుకి చేరలేదు.

పెద్ద ఆట

సెర్బియా 2, ఆస్ట్రియా-హంగేరీ 5, రష్యా 5, జర్మనీ 5, ఫ్రాన్స్ 4, బ్రిటన్ 4, ఇటలీ 1, బెల్జియం 1, టెలిగ్రాం గుమాస్తాలు 3. పెద్ద దేశాలన్నిటికీ ఏలిక, విదేశాంగ మంత్రి, సైన్యాధిపతి తప్పనిసరి. సైన్యాధిపతుల్ని వాళ్ళ దేశం బల్ల దగ్గర కూర్చోబెట్టకండి, గది వెనక విడిగా కూర్చోబెట్టండి. దేశం ప్రణాళిక ఉన్న కవరు వాళ్ళ చేతికే ఇవ్వాలి. మంత్రి వాళ్ళని రోజుకి ఒక్క ప్రశ్న అడగొచ్చు. అప్పట్లోనూ అంతే: బెల్జియంలోని లీజ్ కోటని సమీకరణ (సిపాయిల్ని పిలిపించి రైళ్ళలో సరిహద్దుకి చేర్చడం) మొదలైన రెండు మూడు రోజుల్లోనే పట్టాలన్న సంగతి జర్మన్ ఛాన్సలర్‌కే చివరి దాకా తెలియదు.

కాలం లెక్క: ఒక రోజు ఎనిమిది నిమిషాలు. సెర్బియాకి ఆస్ట్రియా అల్టిమేటం (గడువు పెట్టిన ఆఖరి హెచ్చరిక) ఇచ్చిన జూలై 23 సాయంత్రం 6 గంటలకి మొదలుపెడితే ఆగస్టు 4 రాత్రి 11కి చేరడానికి 98 నిమిషాలు. 48 గంటల అల్టిమేటం అంటే 16 నిమిషాలు, 12 గంటలంటే 4 నిమిషాలు. మాటలన్నీ చీటీల మీదే, 25 మాటలు మించకుండా, గుమాస్తాల ద్వారానే. సంకేత భాషలో పెట్టడానికి, విప్పడానికి టైం పట్టేది కాబట్టి, ప్రతి చీటీ గుమాస్తా దగ్గర ఒక నిమిషం నిలవాలి. అంటే మూడు గంటలు.

కవర్లలో ఇవి రాయండి. జర్మనీ: ముందు బెల్జియం మీదుగా ఫ్రాన్సుని ఆరువారాల్లో ఓడించాలి, తర్వాత రష్యా. వేరే ప్రణాళిక లేదు. రష్యా సమీకరణ మొదలుపెడితే నీకు పోయే ప్రతి రోజూ నష్టమే. రష్యా: ఆస్ట్రియా మీదికి మాత్రమే అని కీవ్, ఒడెస్సా, మాస్కో, కజాన్ మండలాల్ని కదిపితే తర్వాత పూర్తి సమీకరణ చిందరవందర అవుతుంది. ఫ్రాన్సుకి ఇచ్చిన మాట ప్రకారం 15వ రోజుకి జర్మనీ మీద దాడి చేయాలి. ఫ్రాన్స్: మొదటి అడుగు నీది కాకూడదు, బలగాల్ని సరిహద్దుకి 10 కిలోమీటర్లు వెనక ఉంచు. ఆస్ట్రియా: జర్మనీ జూలై 5, 6 తేదీల్లో అండగా ఉంటానని మాటిచ్చింది, కానీ సెర్బియా మీద దాడికి ఆగస్టు 12 దాకా సైన్యం సిద్ధంగా ఉండదు. బ్రిటన్: ఫ్రాన్సుతో రాతపూర్వకంగా యుద్ధ ఒప్పందం లేదు. 1839 నాటి బెల్జియం తటస్థత ఒప్పందం ఉంది. మంత్రివర్గం రెండుగా చీలి ఉంది. ఇటలీ: 1882 ఒప్పందం ఆత్మరక్షణకి మాత్రమే, ఆస్ట్రియా నిన్ను అడగలేదు. బెల్జియం కవరు ఆగస్టు 2కి ముందు తెరవకూడదు. సెర్బియా కవర్లో పది డిమాండ్లు రాసి, ఆరోదాని కింద గీత గీయండి: ఆస్ట్రియా అధికారులు సెర్బియా గడ్డ మీద విచారణలో పాల్గొంటారు.

హత్య జరిగిన దాదాపు నాలుగు వారాలకి అల్టిమేటం ఎందుకొచ్చిందని పిల్లలు తప్పక అడుగుతారు. రష్యా వెళ్ళిన ఫ్రెంచి అధ్యక్షుడు పొయాన్‌కారే ఓడ ఎక్కేదాకా ఆగారన్నది ఒకటి. రెండోది మన పిల్లలకి సులువుగా ఎక్కుతుంది. మనకి జూలై ఉభాల (వరి నాట్ల) కాలం, అక్కడ కోతల కాలం. సిపాయిలు కోతలకి సెలవు మీద ఇళ్ళకి వెళ్ళి ఉన్నారు.

బోర్డు మీద ఒక్కో దేశానికి ఒక్కో నిలువు గడి గీయండి. ఏ దేశం సమీకరణ మొదలుపెడితే ఆ గడిలో ఎనిమిది నిమిషాలకొక గీత పడుతుంది. ఇంతకుమించి మీరేమీ చేయనక్కర్లేదు. రష్యా గడిలో రెండు గీతలు పడి, జర్మనీ గడి ఖాళీగా ఉన్నప్పుడు వెనక బల్ల వైపు చూడండి. అప్పటిదాకా నోరెత్తని పిల్ల సైన్యాధిపతి లేచి నిలబడి అరుస్తుంది. రష్యాలో జరిగింది చెప్పడానికి అదే సమయం. రష్యా చక్రవర్తి జార్ జూలై 29న పూర్తి సమీకరణకి ఒప్పుకున్నాడు. ఆ రాత్రే కైజర్ టెలిగ్రాం చదివి రద్దు చేశాడు. 30న మళ్ళీ ఒప్పించారు. మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని, ఆర్డరు వెళ్ళాక టెలిఫోన్ పగలగొట్టేస్తానన్నాడు సైన్యాధిపతి యనుష్కేవిచ్.

ఎక్కడ చెడుతుంది

ఐదో నిమిషానికే అందరూ అందరి మీదా యుద్ధం ప్రకటించేస్తారు. సరదా మరి. యుద్ధ ప్రకటన చీటీకి మూడు వరసల కారణం, ఏలిక సంతకం, మంత్రి సంతకం ఉండాలని పెట్టండి. ఆత్రం సగం తగ్గుతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. కథ తెలిసిన పిల్లలు మంచివాళ్ళైపోయి, శాంతి కుదిర్చేస్తారు. కుదిరితే కుదరనివ్వండి, కానీ కవరు దాటారేమో చూడండి. "మా సైన్యం పడమరకి పోదు, తూర్పుకే పోతుంది" అని జర్మనీ రాస్తే, అగ్గిపెట్టెలు వాళ్ళ ముందు పెట్టి టైంటేబుల్ రాయమనండి. గడియారం ఆపొద్దు.

గుమాస్తాల దగ్గర చీటీలు పేరుకుపోతాయి. నాలుగో వాడిని ఇమ్మని గొడవ చేస్తారు, ఇవ్వకండి. జూలై 28-29 రాత్రి కైజర్, జార్ ఒకరికొకరు పంపుకున్న మొదటి టెలిగ్రాంలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఆ ఇరుకు ఆటలో భాగమే.

తాళ్ళ ఆట చాలామంది ముందే ఆడిస్తారు. ఒప్పందం ఉన్న దేశాల నడుములకి తాడు కట్టి ఒకరిని లాగితే అందరూ పడతారు, పిల్లలు పకపకా నవ్వుతారు. నిజానికి చెడగొట్టేది అదే. లాగితే పడ్డారన్న బొమ్మ మెదడులో పడిపోతే మళ్ళీ పోదు. తాళ్ళని చివరకి ఉంచి, ఇటలీ తాడుని కత్తెరతో కత్తిరించండి. బ్రిటన్-ఫ్రాన్స్ మధ్య అసలు తాడు కట్టకండి, సుద్దగీత చాలు. 1912లో ఫ్రాన్సు తన ఓడల్ని మధ్యధరాకీ, బ్రిటన్ ఉత్తర సముద్రానికీ చేర్చాయి. రాసుకున్న మాట లేకపోయినా, ఫ్రాన్సు ఉత్తర తీరం ఖాళీ అయింది. ఆ సుద్దగీత చాలా తాళ్ళకన్నా గట్టిగా పట్టింది.

బ్రిటన్ ఆగస్టు 4 రాత్రి 11కి ప్రకటన చేయగానే, తలుపు దగ్గరున్న ఎవరో ఒక విద్యార్థి చేతికి "ఇండియా కూడా యుద్ధంలో ఉంది" అన్న చీటీ ఇవ్వండి. ఆ పిల్లకి బల్ల లేదు, కవరు లేదు, ఎవరూ అడగలేదు. ఏడు వారాలకి, సెప్టెంబరు 22న, ఎండెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు చమురు ట్యాంకుల మీద గుళ్ళు కురిపించింది.

ఆట అయ్యాక

చివరి అరగంటలో "ఎవరిది తప్పు" అని అడగొద్దు. జర్మనీ అనో, అందరూ అనో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. చీటీలన్నీ ఏరి, వేళ ప్రకారం ఇనప చువ్వకి గుచ్చించండి. పైనుంచి ఒక్కొక్కటే తీసి చదవమనండి. అందేసరికే పనికిరాకుండా పోయిన చీటీ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. జూలై 27 దాకా సున్నాలు కనిపించవు. 29 తర్వాత వరసగా పడతాయి. మొదటి ఎర్ర సున్నా ఏ చీటీ మీద పడిందో, దానికి ముందు చీటీ ఎవరు రాశారో వాళ్ళనే లేపి, ఇంకేం రాయగలిగేవారో అడగండి.

అగ్గిపెట్టెలు దాచండి. పక్క సెక్షన్ వాళ్ళు సోమవారమే అడుగుతారు.